మూడో తరగతి పిల్ల కథ చదివి చెప్పగలదా?

జూన్‌లో బడులు తెరిచే వేళకు తెలంగాణలోని నర్సంపేట చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఒకటే ఆలోచన. పిల్లను ఊళ్లోని సర్కారు బడికే పంపాలా, ప్రైవేటు బడి బస్సు ఎక్కించాలా? అప్పుడు మనం గోడల రంగు చూస్తాం, యూనిఫాం చూస్తాం, ఇంగ్లిషు మాటలు వింటాం. బడి ఎలా చెబుతోందో తెలియాలంటే ఇంకొకటి చూడాలి. మూడో తరగతి పిల్ల ఎప్పుడూ చూడని చిన్న కథను తానే చదివి, అందులో ఏం జరిగిందో చెప్పగలదా?

మూడో తరగతే ఎందుకు? మొదటి రెండేళ్లు చదవడం నేర్చుకోవడమే అసలు పాఠం. ఆ తర్వాత పరిసరాల విజ్ఞానం వస్తుంది, వాక్యాల్లో ఇచ్చే లెక్కలు వస్తాయి. చదవడం రాని పిల్లకు ఇవన్నీ ఒకేసారి మూసుకుపోతాయి.

తెలుగులో ఈ పని చిన్నది కాదు. వర్ణమాల తర్వాత గుణింతాలు, ఆ తర్వాత ఒత్తులు. ఒక్కో అక్షరం కూడబలుక్కునే పిల్ల వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతుంది. అక్షరాలు వచ్చినా అర్థం అందదు. అందుకే 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతికి ఒక లక్ష్యం పెట్టింది. నిమిషానికి కనీసం 60 పదాలు, అర్థం చేసుకుంటూ చదవాలి.

మన పరిస్థితి ఏమిటి? అసర్ (పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే సర్వే) చెప్పింది చూద్దాం. తెలంగాణలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 18.1 శాతం. కరోనాతో బడులు మూతపడ్డాక, 2022లో 5.2 శాతం. ఈ లెక్కలో సర్కారు బడుల పిల్లలూ, ప్రైవేటు బడుల పిల్లలూ ఉన్నారు. బస్సు ఎక్కినంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదన్నమాట.

దీనికి జవాబుగా రాష్ట్రం 2022 ఆగస్టు 15న ‘తొలిమెట్టు’ మొదలుపెట్టింది. 1 నుంచి 5 తరగతుల పిల్లలను ముందుగా పరీక్షిస్తారు. ఎవరు అక్షరాల దగ్గర, ఎవరు పదాల దగ్గర, ఎవరు వాక్యాల దగ్గర ఉన్నారో చూస్తారు. ఎవరు ఎక్కడ ఆగారో అక్కడి నుంచి చెబుతారు. మామూలుగా సిలబస్ ముందుకు పోతూనే ఉంటుంది, ఆగిన పిల్ల అక్కడే ఉండిపోతుంది. ఈ పద్ధతిలో టీచర్ వెనక్కి వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటారు.

దీనికి సమయం కావాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. అంటే బహుళ తరగతి బోధన (ఒకే టీచర్ ఒకే సమయంలో రెండు మూడు తరగతులు చూడడం) తప్పదు. ఒక టీచర్ సెలవు పెడితే ఐదు తరగతులూ ఒక్కరి మీదే పడతాయి. అలాంటి రోజున ముందుగా ఆగిపోయేది వెనకబడిన పిల్ల పాఠమే.

తండాల్లో ఇంకో చిక్కు ఉంది. లంబాడీ ఇళ్లలో తల్లిని ‘యాడి’ అంటారు, నీళ్లను ‘పాణి’ అంటారు. ‘అ’ అంటే ‘అమ్మ’ అని మొదలయ్యే పాఠంలో ఆ పిల్లకు అక్షరమూ కొత్తే, మాటా కొత్తే. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం కూడా వచ్చింది. ఒక పేజీలో తెలుగు, పక్క పేజీలో ఇంగ్లిషు ఉన్న పుస్తకాలిచ్చారు. తండా పిల్లకు ఆ రెండూ ఇంటి భాష కావు. ఆమె మౌనాన్ని తెలివి తక్కువతనమని అనుకోకూడదు. మొదటి నెలల్లో లంబాడీలో రెండు మాటలు చెప్పి పాఠంలోకి తీసుకొచ్చే టీచర్ ఉంటే ఆ పిల్ల నోరు విప్పుతుంది.

బడికి రావడం మరో సంగతి. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో తల్లిదండ్రులు చీకటితోనే చేనుకు పోతారు. చంటిపిల్లను చూసుకోవడానికి పెద్దపిల్ల ఇంట్లో ఆగిపోతుంది. గుణింతాలప్పుడు రెండు వారాలు రాని పిల్లకు ఒత్తులు అందవు. మధ్యాహ్న భోజనం ఆకలి తీరుస్తుంది, బడికీ రప్పిస్తుంది. ప్రాథమిక తరగతి పిల్లకు అందులో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. అన్నం పెట్టినంత శ్రద్ధగా, రాని పిల్ల ఇంటికి కబురు పంపడమూ బడి పనే.

తల్లిదండ్రులకూ ఇందులో చోటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. కమిటీలో గోడలు, మరుగుదొడ్ల మాటతో పాటు ఈ ప్రశ్నలూ అడగాలి. మూడో తరగతిలో చదవగలిగేవాళ్లు ఎందరు? చదవలేని పిల్లలకు ఈ నెల ఏం చేశారు?

చదువు రాని తల్లి కూడా తన పిల్లను పరీక్షించగలదు. పాఠ్యపుస్తకం కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి, బడి గ్రంథాలయం నుంచి కొత్త కథల పుస్తకం తెమ్మనండి. రాత్రి అన్నాలయ్యాక చదవమనండి. తర్వాత పుస్తకం మూసి ఆ కథ మీకు చెప్పమనండి, మీ ఇంటి భాషలోనే. మీకు కథ అర్థమైతే పిల్లకు చదువు వచ్చినట్టే. కాకపోతే మర్నాడే బడికి వెళ్లి, ఎక్కడ ఆగిందో టీచర్‌తో కలిసి చూడండి.