ఆకాశంలో.. వినడమూ ఓ విద్యే!

పైలట్ కావాలన్నది మీ కలా? అయితే ఓ చిన్న ప్రశ్న. మంచి పైలట్‌కు ముందుగా ఏం రావాలి? ‘విమానాన్ని చక్కగా నడపడం’ అంటారా? నిజమే. కానీ అదొక్కటే సరిపోదని తెలియాలంటే న్యూయార్క్‌లో హడ్సన్ నది మీదుగా సాగే విహారం గురించి తెలుసుకోవాలి. తానెక్కడున్నాడో స్పష్టంగా చెప్పడం, అవతలివాళ్లు చెప్పింది శ్రద్ధగా వినడం.. అక్కడ ప్రాణాలు కాపాడేవి ఈ రెండే.

మూడు విమానాశ్రయాల నడుమ సన్నని దారి

అట్లాంటిక్ తీరాన ఉన్న న్యూయార్క్ చుట్టూ జేఎఫ్‌కే, లాగార్డియా, నెవార్క్.. మూడు పెద్ద విమానాశ్రయాలున్నాయి. ఆ గగనతలంలోకి వెళ్లాలంటే కంట్రోలర్ అనుమతి తప్పనిసరి. హడ్సన్ నది మీద మాత్రం 1,300 అడుగుల లోపు కొంత భాగాన్ని దీన్నుంచి మినహాయించారు. ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉన్నవాళ్లు చిన్న విమానంలో కుటుంబాన్ని ఎక్కించుకుని ఇటుగా వెళ్లొచ్చు. కింద స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ, పక్కనే మన్‌హట్టన్ మేడలు. మీరు 1,100 అడుగుల ఎత్తులో ఉంటే, 1,776 అడుగుల వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌ను తలెత్తి చూడాల్సిందే!

ఇందులో ఓ మెలిక ఉంది. అనుమతి అక్కర్లేదంటే, ‘ఎదురుగా ఫలానా విమానం వస్తోంది.. జాగ్రత్త’ అని హెచ్చరించే కంట్రోలర్ కూడా ఉండరన్నమాట. పర్యాటకుల హెలికాప్టర్లు, చిన్న విమానాలు అన్నీ ఆ నది మీదే తిరుగుతుంటాయి. ఎవరి జాగ్రత్త వారిదే.

రోడ్డు మీద లాగే..

అందుకే అక్కడ కొన్ని కచ్చితమైన నియమాలున్నాయి. దక్షిణానికి వెళ్లేవాళ్లు పడమటి ఒడ్డు వెంట, ఉత్తరానికి వెళ్లేవాళ్లు తూర్పు ఒడ్డు వెంట ఎగరాలి. అంటే ఎవరైనా కుడివైపే. నది పొడవునా దాటి వెళ్లిపోయేవాళ్లు 1,000 అడుగులకు తగ్గకుండా, 1,300 అడుగుల లోపు ఉండాలి. అక్కడక్కడే తిరిగేవాళ్లకు అంతకంటే కింద చోటు. వేగం 140 నాట్లు, అంటే గంటకు సుమారు 260 కిలోమీటర్లు మించకూడదు. లైట్లు వెలుగుతూ ఉండాలి. ఆ ప్రాంతపు తాజా చార్టు విమానంలో ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది రేడియో. హడ్సన్ మీద అందరూ 123.05 ఫ్రీక్వెన్సీలోనే మాట్లాడుకోవాలి. జార్జ్ వాషింగ్టన్ వంతెన, ఇంట్రెపిడ్ నౌక, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ, వెరజానో వంతెన లాంటి గుర్తుల దగ్గరికి రాగానే నాలుగు సంగతులు చెప్పాలి.. ఏ రకం విమానం, ఎక్కడుంది, ఎటు వెళ్తోంది, ఎంత ఎత్తులో ఉంది. అంతే. సొంత కబుర్లకు చోటు లేదు. మీరు ఉపన్యాసం మొదలుపెడితే ఇంకొకరు చెప్పాల్సింది ఆగిపోతుంది మరి!

తొమ్మిది ప్రాణాలు పోయాక..

ఈ నియమాల్లో కొన్ని ముందు సలహాలుగానే ఉండేవి. 2009 ఆగస్టు 8న వినోద విహారానికి బయల్దేరిన ఓ హెలికాప్టరు, ఓ చిన్న పైపర్ విమానం హడ్సన్ మీద ఢీకొన్నాయి. హెలికాప్టర్లో ఆరుగురు, విమానంలో ముగ్గురు.. మొత్తం తొమ్మిది మందీ చనిపోయారు. ఆ ఏడాది నవంబరులోనే కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి.

దర్యాప్తులో తేలింది గమనించండి. కంట్రోలర్ ఫలానా ఫ్రీక్వెన్సీకి మారమన్నారు. పైలట్ దాన్ని తిరిగి చెప్పేటప్పుడు అంకె తప్పింది. విధులతో సంబంధం లేని ఫోన్ సంభాషణలో ఉన్న కంట్రోలర్ ఆ తప్పును సరిదిద్దలేదు. కంటితో చూసి తప్పుకోవడానికి ఉన్న పరిమితులు కూడా ప్రమాదానికి కారణమేనని దర్యాప్తు సంస్థ తేల్చింది.

‘ఎదురుగా వస్తుంటే కనిపించదా?’ అనుకోవచ్చు. మనల్ని ఢీకొట్టే దారిలో వస్తున్న విమానం అద్దంలో అటూఇటూ జరగదు. ఒకేచోట చుక్కలా ఉండి, చివరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. వెనక మేడలుంటే ఆ చుక్కను పట్టుకోవడం మరీ కష్టం. కళ్లకు చెవులు తోడు కావాలనేది అందుకే.

మీరేం చేయాలి?

మన దేశంలో ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు, కనీసం 40 గంటల ఫ్లయింగ్ ఉండాలి. కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు, 200 గంటలు. ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, మ్యాథ్స్ కావాలి. రేడియోలో మాట్లాడటానికి ప్రత్యేక పరీక్ష కూడా ఉంటుంది. గంటలు, ఖర్చు గురించి అందరూ ఆరా తీస్తారు. మాట గురించి అడిగేవాళ్లు తక్కువ. విమానం ఎక్కకముందే, పైసా ఖర్చు లేకుండా నేర్చుకోగలిగింది మాత్రం అదే.

* ఆల్ఫా, బ్రావో, చార్లీ.. అక్షరాల పిలుపులన్నీ కంఠతా పట్టండి. రేడియోలో ‘నైన్’ను ‘నైనర్’ అంటారు. ‘ఫైవ్’తో పొరబడకుండా ఉండటానికే.

* స్నేహితుడు ఓ ఎత్తు, ఓ దిశ, ఓ ఫ్రీక్వెన్సీ చదువుతాడు. మీరు రాసుకుని, తిరిగి అప్పజెప్పండి. ఒక్క అంకె తప్పినా మళ్లీ మొదటికి రండి.

* సరిగా వినపడకపోతే ‘సే అగైన్’ అనడం అలవాటు చేసుకోండి. అర్థమైనట్టు తలూపే అలవాటు కాక్‌పిట్‌లో పనికిరాదు.

* తెలుగు మీడియమని జంకొద్దు. ఇక్కడ కావాల్సింది విదేశీ యాస కాదు.. స్పష్టత, సూటిదనం.

ఎప్పుడో ఓ రోజు అమ్మానాన్నల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరూ గాల్లోకి లేస్తారు. వాళ్లు కిటికీలోంచి ఊరంతా చూసి మురిసిపోవచ్చు. మీ చెవులు మాత్రం రేడియో మీదే ఉండాలి.