పరదేశములో నైవేద్యము

చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతాలలో పిల్లలు విదేశాలలో స్థిరపడిన కుటుంబాలు అనేకం. “అక్కడ వేపపూత, మామిడి పిందె దొరకవు. పండుగ నైవేద్యం మానుకోవలసినదేనా పంతులుగారూ?” అని తల్లులు నన్ను తరచు అడుగుతుంటారు. మానవలసిన పని లేదు.

జైమిని మహర్షి పూర్వమీమాంసా సూత్రాలలో, ఆరవ అధ్యాయం మూడవ పాదంలో, ప్రతినిధి విచారం ఉన్నది. విహిత ద్రవ్యం లభించనప్పుడు నిత్యకర్మను విడువరాదు. దానికి సదృశమైన ద్రవ్యాన్ని గ్రహించాలి. సోమలత దొరకనిచో పూతీకలత గ్రాహ్యం. అయితే దేవతకు, మంత్రానికి ప్రతినిధి లేదు. నిషిద్ధమైనది ఎంత సదృశమైనా ప్రతినిధి కాజాలదు.

ఈ న్యాయాన్ని వంటింటికి అన్వయించుకుందాం. ఉగాది పచ్చడికి ప్రాణం షడ్రుచులు. మామిడి పిందె లేనిచోట పుల్లని పచ్చ ఆపిల్ ముక్కలు వేయవచ్చును. వేపపూతకు బదులు చేదుకు లేత మెంతికూర చాలును. కిటికీ దగ్గర కుండీలో మెంతులు చల్లితే మూడు నాలుగు వారాలలో కోతకు వస్తుంది. అమెరికాలో వసంతంలో వచ్చే రూబార్బ్ కాడలతో మన ఆడపడుచులు పుల్లని పప్పు, పచ్చడి చేస్తున్నారు. దాని ఆకులు మాత్రం విషపూరితం. చూపునకు ఆకుకూరవలె ఉన్నా పారవేయవలసినదే.

ఋతువు విషయం కూడ గమనించాలి. ఆస్ట్రేలియాలో ఉగాది నాటికి శరత్తు ప్రవేశిస్తుంది. అక్కడివారు మన వసంతపు కాయల కోసం వెదకనక్కరలేదు. ఆ నెలలో ఆ నేల పండించినదే నివేదించవచ్చును. గీతలో తొమ్మిదవ అధ్యాయం 26వ శ్లోకంలో భగవానుడు పత్రం, పుష్పం, ఫలం, జలం అన్నాడే గాని ఫలానా పండు అని నియమించలేదు. పదునేడవ అధ్యాయం 10వ శ్లోకంలో రసహీనమైన, నిలువ ఉన్న ఆహారాన్ని తామసమన్నాడు. కనుక నెలల తరబడి మంచుపెట్టెలో ఉన్న మన దొండకాయకంటె, అక్కడి సంతలో ఉదయం కోసి తెచ్చిన గుమ్మడి మేలు.

తల్లులు పంపదలచితే ఎండబెట్టిన వేపపూవు పంపవచ్చును. ముందుగా ఆ దేశపు దిగుమతి నియమాలు విచారించుకోవాలి. అంతకంటె ముఖ్యంగా నివేదన మంత్రాన్ని పిల్లలకు నేర్పండి. కూర మారవచ్చును, మంత్రానికి ప్రతినిధి లేదు.