నీరసానికి వైరస్సే కారణమని ఎలా తెలుస్తుంది?

పుదుచ్చేరి మురుంగపాక్కంలో కడలూరు రోడ్డు పక్కన కాపురముంటున్న యానాం సోదరి ఒకరు అడిగారు: "చికున్‌గున్యా వచ్చి ఎనిమిది నెలలైంది. జ్వరం పోయింది గానీ నీరసం పోలేదు. ఒకరోజు దుప్పట్లు ఉతికితే మర్నాడు మంచం దిగలేను. కల్యాణమండపంలో పెట్టిన ఉచిత శిబిరంలో చేతికి లోహపు కడ్డీ ఇచ్చి, కంప్యూటర్ చూసి, ఒంట్లో వైరస్ దాక్కుని ఉందన్నారు. నిజమేనా? వేరే పరీక్షలేమైనా ఉన్నాయా?"

ముందు ఆ కడ్డీ సంగతి. అరచేతిలో పట్టుకున్న కడ్డీకి వైరస్ కనబడదమ్మా. వైరస్ ఉందనో, ఎప్పుడైనా సోకిందనో చెప్పాలంటే దాని జన్యుపదార్థమైనా దొరకాలి, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీలైనా దొరకాలి. ఆ రిపోర్టు పక్కన పెట్టెయ్యండి.

రక్తపరీక్ష అయితే నమ్మొచ్చు, కానీ ఎప్పుడు చేయించామన్నది ముఖ్యం. చికున్‌గున్యా మొదటి వారంలో ఆర్‌టీ-పీసీఆర్ వైరస్‌నే పట్టుకుంటుంది. తర్వాత ఐజీఎం యాంటీబాడీ కనబడి, కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. ఐజీజీ మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. ఈ జబ్బు పుదుచ్చేరికి కొత్తది కాదు. 1965లో ఇక్కడికీ, మన రాజమండ్రి, కాకినాడ, విశాఖలకూ వచ్చింది. 2006లో మళ్లీ విరుచుకుపడింది. కాబట్టి ఐజీజీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకసారి సోకిందని మాత్రమే అర్థం. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సంగతీ అంతే. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా దాని గుర్తు ఉంటుంది. వాళ్లంతా నీరసంతో పడిలేరు కదా!

2015లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు విర్‌స్కాన్ అనే పద్ధతి తెచ్చారు. ఒక్క చుక్క రక్తంతో, ఒంటికి ఇదివరకు తగిలిన వైరస్‌ల చిట్టా చదువుతుంది. చాలా గొప్ప పని. అయితే అదీ ఏవేవి తగిలాయో చెబుతుందే తప్ప, ఏది మిమ్మల్ని పడగొట్టిందో చెప్పదు.

వైరస్ దొరికిందనగానే నమ్మేస్తే ఏమవుతుందో 2009 నాటి ఒక ఉదంతం చెబుతుంది. దీర్ఘకాల నీరసం ఉన్న 101 మందిలో 68 మందికి ఎక్స్ఎంఆర్‌వీ అనే వైరస్ దొరికిందని సైన్స్ పత్రికలో వచ్చింది. రోగులు ఎంత ఆశపడ్డారో! తీరా చూస్తే ఆ వైరస్ ప్రయోగశాలలో ఎలుకల కణాల నుంచి పుట్టింది, నమూనాల్లో కలిసిపోయింది. 2011లో పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది.

మరి వైరస్ పోయినా నీరసం ఎందుకు? ఆస్ట్రేలియాలోని డబ్బో పట్టణంలో ఎప్‌స్టీన్-బార్, క్యూ ఫీవర్, చికున్‌గున్యాకు దగ్గరి చుట్టమైన రాస్ రివర్ వైరస్ సోకిన 253 మందిని గమనించారు. ఆరు నెలల తర్వాత కూడా సుమారు 12 శాతం మంది నీరసంతోనే ఉన్నారు. మూడు క్రిములు వేరైనా బాధ ఒకటే. ఎవరికి మిగులుతుందన్నది ఎక్కువగా మొదటి జ్వరం తీవ్రతను బట్టే ఉంటుందని తేలింది. అంటే మీ బాధ నిజం, మీ ఊహ కాదు.

అందుకే వైరస్‌ను వెతకడం కంటే నీరసం తీరును పట్టుకోవాలి. శ్రమపడిన మర్నాడు కుప్పకూలడం ఇలాంటి దీర్ఘకాల నీరసానికి పెద్ద గుర్తు, మీరు చెప్పిన దుప్పట్ల సంగతి అదే. నిలబడితే నాడి ఎంత పెరుగుతుందో చూసే పరీక్ష ఒకటి ఇంట్లోనే చేసుకోవచ్చు, పక్కన మనిషిని పెట్టుకోండి. పది నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టండి. తర్వాత మడమలు గోడకు జానెడు దూరంలో ఉంచి, వీపు పైభాగం గోడకానించి, కదలకుండా పది నిమిషాలు నిలబడి, నిమిషానికోసారి నాడి రాసుకోండి. కళ్లు తిరిగితే వెంటనే పడుకోండి. నాడి పడుకున్నప్పటి కంటే నిమిషానికి 30కి పైగా పెరిగి అలాగే ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే. పెరగకపోయినా జబ్బు లేదని కాదు.

హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీ12, కాలేయం, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు మాత్రం తప్పించుకోవద్దు. 2019-21 సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, దానికి మందుంది. బరువు తగ్గుతున్నా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా ఆలస్యం చేయకండి. నాడి రాసుకున్న కాగితం పట్టుకుని జిప్మర్ ఓపీకి వెళ్లండమ్మా. ఈలోగా దుప్పట్లు ఇంకెవరైనా ఉతకనివ్వండి.