గెలుపు గుర్రం కాదు, బండి గుర్రం

శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ రాకెట్ ఎగిరితే చాలు, ఇంగ్లీషు వార్తల్లో ‘వర్క్‌హార్స్’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. మన పత్రికల్లోకి వచ్చేసరికి అది తరచూ ‘గెలుపు గుర్రం’ అయిపోతుంది. డెస్కులో ఉన్నంతకాలం ఆ శీర్షిక నా చేతికొస్తే కొట్టేసి ‘నమ్మిన బంటు’ అని రాసేవాణ్ణి. ‘గుర్రం ఏమైంది సార్?’ అని కుర్రాళ్లు గునిసేవారు.

గెలుపు గుర్రం పందేనిది. ఎన్నికలప్పుడు పార్టీలు వెతికేది దాన్నే. వర్క్‌హార్స్ పందెం మొహం ఎరగదు. ఇంగ్లండులో షైర్, స్కాట్లండులో క్లైడ్స్‌డేల్ అనే భారీ జాతులున్నాయి. షైర్ మగగుర్రం టన్ను దాకా తూగుతుంది. నాగలి లాగడం, బీరు పీపాల బండి ఈడ్వడం, కాలువగట్టు మీద నడుస్తూ సరుకు పడవల్ని లాక్కెళ్లడం వీటి పని. జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రం సత్తా చెప్పడానికి పోల్చింది ఇలాంటి చాకిరీ గుర్రాలతోనే. మన రైతు ‘అయిదు హెచ్‌పీ మోటారు’ అంటున్నాడంటే ఆ హార్స్‌పవర్ లెక్కే. ఒక్కో హెచ్‌పీ సుమారు 746 వాట్లు.

మనకేమో దుక్కి ఎద్దుది. గుర్రం రాజుగారిది, పెళ్లికొడుకుది, మహా అయితే జట్కావాడిది. కష్టం చెప్పాలంటే గొడ్డుచాకిరీ అంటాం, గాడిదచాకిరీ అంటాం. వాటిలో జాలో వెటకారమో తప్ప మెప్పు కనబడదు. ఇంగ్లీషువాడి మాటలో మెప్పుంది.

పీఎస్ఎల్‌వీకి ఆ మెప్పు తగినదే. 1993లో తొలి ప్రయోగమే విఫలమైంది. ఆ తర్వాత 2008లో చంద్రయాన్-1ని, 2013లో మంగళయాన్‌ని మోసింది. 2017 ఫిబ్రవరిలో ఒకే విడతలో 104 ఉపగ్రహాల్ని వదిలింది. బరువును బట్టి పక్కన ఆరు బూస్టర్లు కడతారు, లేదా నాలుగు, రెండు. ఒక్కటీ లేకుండా పంపిన సందర్భాలూ ఉన్నాయి. అదే 2017 ఆగస్టులో ఉష్ణకవచం విడిపోక పని చెడింది. 2025 మేలో మూడో దశ దెబ్బతీసింది. గెలుపు గుర్రమని రాసేవాళ్లకు అలాంటి రోజున శీర్షిక దొరకదు. ‘బాహుబలి’ బిరుదు ఎటూ పెద్దన్న ఎల్‌వీఎం3కి పోయింది.

మనుషులకూ ఈ మాట వాడతారు. అమెరికా కాంగ్రెసులో కెమెరాల ముందు మెరిసేవాడు షోహార్స్, కమిటీ గదుల్లో కూర్చుని బిల్లులు దిద్దేవాడు వర్క్‌హార్స్. గౌరవమే, కానీ చెప్పుకోవాల్సిన రెండో ముఖం కూడా ఉంది. ఆర్వెల్ నవల ‘యానిమల్ ఫామ్’లో బాక్సర్ అనే గుర్రం అందరికన్నా ఎక్కువ కష్టపడుతుంది. ఒంట్లో సత్తువ అయిపోయాక దాన్ని కబేళాకి అమ్మేస్తారు.

హైదరాబాదులో ఐటీ ఉద్యోగం చేసే మా అల్లుడుగారికి మేనేజరు ‘మా టీము వర్క్‌హార్స్ మీరే’ అని మెయిలు పెట్టాడట. మురిసిపోతూ ఫోనులో చూపించారు. వేలితో కిందికి జరిపి చూస్తే, ఆ వారం నుంచే ఆయన చూడాల్సిన మరో ప్రాజెక్టు వివరాలున్నాయి.