యూనిట్ - 9: సర్దుబాటు స్టీరింగ్ కాలమ్ - లోపాల నిర్ధారణ, మరమ్మతు, మార్పిడి

విషయక్రమం
9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 నిర్మాణం, పనిచేసే విధానం
9.3 లోపాల నిర్ధారణ
9.4 మరమ్మతా? మార్పిడా?
9.5 కాలమ్ మార్చే పద్ధతి
9.6 బిగించిన తరువాత పరీక్షలు
9.7 సారాంశం
9.8 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు
9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• సర్దుబాటు స్టీరింగ్ కాలమ్‌లోని ముఖ్య భాగాలను, వాటి పనిని వివరించగలుగుతారు.
• లోపం కాలమ్‌లో ఉందా, మరోచోట ఉందా అని తేల్చుకోగలుగుతారు.
• ఏ లోపాన్ని మరమ్మతు చేయవచ్చో, ఎప్పుడు కాలమ్ మార్చాలో నిర్ణయించగలుగుతారు.
• కాలమ్ మార్చేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలను వరుసక్రమంలో చెప్పగలుగుతారు.

9.1 పరిచయం

డ్రైవర్లందరూ ఒకే ఎత్తులో ఉండరు. అందువల్ల స్టీరింగ్ వీల్‌ను ఎవరికి వారు తమకు అనువుగా అమర్చుకునే వీలును చాలా కార్లలో కల్పిస్తున్నారు. వీల్‌ను పైకీ కిందికీ వంచే ఏర్పాటును టిల్ట్ అంటారు. డ్రైవర్ వైపునకు లాగి, వెనక్కి నెట్టగలిగే ఏర్పాటును టెలిస్కోపిక్ అంటారు.

లివర్ బిగించే ఉన్నా, స్పీడ్ బ్రేకర్ దాటగానే వీల్ ఒక్కసారిగా డ్రైవర్ ఒడిలోకి జారిందనుకోండి. ఉలికిపాటులో అతడు వీల్‌ను పక్కకు తిప్పేసే ప్రమాదం ఉంది. దీనికి కొన్ని వర్క్‌షాపుల్లో కనిపించే సులువైన మందు, బ్రాకెట్‌ను వెల్డింగ్ చేసి కదలకుండా చేయడం. వీల్ జారడం ఆగుతుంది. కానీ ఆ వెల్డింగ్ మరో ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది. అదేమిటో తెలుసుకోవాలంటే ముందు కాలమ్ నిర్మాణం తెలియాలి.

9.2 నిర్మాణం, పనిచేసే విధానం

స్టీరింగ్ వీల్‌ను తిప్పిన బలం కాలమ్ లోపలి షాఫ్ట్ ద్వారా, యూనివర్సల్ జాయింట్ల మీదుగా స్టీరింగ్ గేర్‌కు చేరుతుంది. షాఫ్ట్ చుట్టూ ఉండే గొట్టాన్ని బ్రాకెట్ సాయంతో డ్యాష్‌బోర్డు కింది దూలానికి బిగిస్తారు.

చేతితో సర్దే కాలమ్‌లో లివర్ బోల్ట్ బ్రాకెట్‌కు అడ్డంగా వెళుతుంది. లివర్‌ను బిగించినప్పుడు దానికున్న క్యామ్ బ్రాకెట్ రెండు పక్కలనూ దగ్గరకు నొక్కుతుంది. కొన్ని రకాల్లో ఈ ఒత్తిడి వల్ల కలిగే ఘర్షణే కాలమ్‌ను పట్టి ఉంచుతుంది. మరికొన్ని రకాల్లో పళ్ళు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. విద్యుత్‌తో సర్దే కాలమ్‌లో లివర్‌కు బదులు చిన్న మోటారు, మరలు చెక్కిన కడ్డీ ఉంటాయి.

కాలమ్‌కు రెండు బాధ్యతలు ఉన్నాయి. కారు నడుస్తున్నప్పుడు అది కదలకుండా నిలవాలి. కారు దేనినైనా ఢీకొన్నప్పుడు మాత్రం అది కుదించుకుపోవాలి. డ్రైవర్ ఛాతీ వీల్‌కు తగిలినప్పుడు గొట్టం ఒకదానిలోకి మరొకటి జారుతుంది. బ్రాకెట్‌ను పట్టి ఉంచే ప్లాస్టిక్ పిన్నుల క్యాప్సూల్స్ తెగి కాలమ్‌ను వదిలేస్తాయి. ఆ కుదింపులో తాకిడి శక్తి కొంత ఖర్చవుతుంది. కారు ముందు భాగం నలిగినప్పుడు కాలమ్ డ్రైవర్ మీదికి దూసుకురాకూడదు కూడా. అమెరికాలో 1968లో అమల్లోకి వచ్చిన ప్రమాణం ప్రకారం, గంటకు సుమారు 48 కి.మీ. వేగంతో అడ్డుగోడను ఢీకొన్నప్పుడు కాలమ్ పైకొన 127 మి.మీ. కంటే ఎక్కువ వెనక్కి జరగకూడదు.

వెల్డింగ్ ప్రమాదం ఇక్కడే ఉంది. అది మొదటి బాధ్యతను నిలబెట్టి, రెండో బాధ్యతను చంపేస్తుంది. అవసరమైనప్పుడు జారాల్సిన కాలమ్ గట్టి కడ్డీలా ఛాతీకి ఎదురు నిలుస్తుంది.

9.3 లోపాల నిర్ధారణ

కారును చదునైన నేలపై ఆపి, లివర్ బిగించి ఈ పరీక్షలు చేయాలి.

1. వీల్‌ను పైనా కిందా పట్టుకుని పైకీ కిందికీ ఊపాలి, తరువాత ముందుకూ వెనక్కూ లాగి చూడాలి. కాలమ్ మొత్తం కదిలితే లోపం బిగింపు భాగాల్లో గానీ, బ్రాకెట్ బోల్టుల్లో గానీ ఉంటుంది. వీల్ ఒక్కటే కదిలితే వీల్ నట్‌ను, కాలమ్ బేరింగ్‌ను చూడాలి.

2. ఒకరు వీల్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుండగా మరొకరు పెడల్స్ దగ్గరి యూనివర్సల్ జాయింట్‌ను గమనించాలి. జాయింట్‌కు ఒక పక్క షాఫ్ట్ తిరిగి, రెండో పక్క ఆలస్యంగా కదిలితే జాయింట్ అరిగిందని అర్థం. ఈ వదులుకు టిల్ట్ లివర్‌తో సంబంధం లేదు.

3. విద్యుత్ రకంలో మొదట ఫ్యూజు, స్విచ్, కనెక్టర్ చూడాలి. మోటారు తిరిగే శబ్దం వస్తున్నా కాలమ్ కదలకపోతే లోపలి గేరు పళ్ళు గానీ, మరల కడ్డీ గానీ పాడై ఉంటాయి.

9.4 మరమ్మతా? మార్పిడా?

లివర్ నట్ వదులైతే తయారీదారు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు తిరిగి బిగిస్తే సరిపోవచ్చు. లివర్, స్ప్రింగ్ విడిగా దొరికే మోడళ్లలో వాటిని మార్చవచ్చు. ఘర్షణతో పట్టే పలకలకు గ్రీజు, నూనె పూయకూడదు. "బిగుసుకుపోయింది" అని నూనె కొట్టిన కాలమే తరువాత జారడం మొదలుపెడుతుంది.

పళ్ళు అరిగినా, బ్రాకెట్ వంగినా, గొట్టం కుదించుకున్నా, క్యాప్సూల్ తన స్థానం నుంచి జరిగినా కాలమ్‌ను మార్చాలి. ఆటోనగర్‌లలో దొరికే పాత కాలమ్ ధరకు చవకే. కానీ అది ప్రమాదానికి గురైన కారుదైతే ఇప్పటికే కొంత కుదించుకుని ఉండవచ్చు. పొడవును మాన్యువల్‌లోని కొలతతో పోల్చకుండా, క్యాప్సూల్స్ చూడకుండా దాన్ని బిగించకూడదు.

9.5 కాలమ్ మార్చే పద్ధతి

మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. కాబట్టి ఈ పని ఎయిర్‌బ్యాగ్ జాగ్రత్తతోనే మొదలవుతుంది.

1. ముందు చక్రాలను నిటారుగా ఉంచి, ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీయాలి. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో కొంతసేపు విద్యుత్ నిల్వ ఉంటుంది. మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి.

2. ఎయిర్‌బ్యాగ్‌ను విప్పి, కవర్ పైకి ఉండేలా విడిగా పెట్టాలి. దాని కనెక్టర్‌పై మల్టీమీటర్ పెట్టకూడదు.

3. వీల్‌కు, షాఫ్ట్‌కు గుర్తు పెట్టాలి. వీల్ నట్‌ను పూర్తిగా తీయకుండా రెండు మూడు మరలు ఉంచి వీల్‌ను వదులు చేయాలి. లేకుంటే వీల్ ఊడి ముఖానికి తగలవచ్చు.

4. క్లాక్ స్ప్రింగ్ తిరగకుండా టేపు వేయాలి. అది మధ్యస్థానం తప్పితే వీల్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి రిబ్బన్ తెగి, హారన్, ఎయిర్‌బ్యాగ్ రెండూ పనిచేయవు.

5. యూనివర్సల్ జాయింట్‌కు, షాఫ్ట్‌కు గుర్తు పెట్టి బోల్ట్ తీయాలి. వైర్ల కనెక్టర్లు విప్పాలి. కాలమ్‌ను ఒకరు పట్టుకుని ఉండగా బ్రాకెట్ నట్లు తీయాలి.

6. కొత్త కాలమ్‌ను సుత్తితో కొట్టడం, కొనపై నిలబెట్టడం, కింద పడేయడం చేయకూడదు. ఆ దెబ్బకే క్యాప్సూల్స్ తెగవచ్చు.

7. అన్ని నట్లను మొదట చేతితో ఎక్కించి, తరువాత టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన వరుసలో బిగించాలి. ఒకసారి మాత్రమే వాడాలని మాన్యువల్ చెప్పిన బోల్టులకు బదులు కొత్తవి వేయాలి. బ్యాటరీని చివర కలపాలి.

9.6 బిగించిన తరువాత పరీక్షలు

ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపం వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే కారును యజమానికి అప్పగించకూడదు. విద్యుత్ పవర్ స్టీరింగ్ మోటారు కాలమ్‌కే అమరి ఉన్న కార్లలో మాన్యువల్ సూచించిన సెన్సర్ క్యాలిబ్రేషన్‌ను స్కాన్ టూల్‌తో చేయాలి.

కాలమ్‌ను అన్నిటికంటే పై స్థానంలో, తరువాత కింది స్థానంలో ఉంచి, వీల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పాలి. ఎక్కడా పట్టేయకూడదు, వైర్లు లాగబడకూడదు. 9.3లోని మొదటి పరీక్షను మళ్ళీ చేయాలి. ఆ తరువాతే ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో నడిపి చూడాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి
సూచన: మీ సమాధానాలను యూనిట్ చివర ఇచ్చిన వాటితో సరిపోల్చుకోండి.
1. టిల్ట్ బ్రాకెట్‌ను ఎందుకు వెల్డింగ్ చేయకూడదు?
2. క్లాక్ స్ప్రింగ్‌కు టేపు ఎందుకు వేస్తారు?

9.7 సారాంశం

సర్దుబాటు కాలమ్ ప్రయాణంలో నిలవాలి, ప్రమాదంలో కుదించుకోవాలి. ఈ రెండింటిలో దేనినీ దెబ్బతీయనిదే సరైన మరమ్మతు. బిగింపు భాగాల్లోని చిన్న లోపాలను సరిచేయవచ్చు. పళ్ళు, బ్రాకెట్, గొట్టం, క్యాప్సూల్స్ దెబ్బతింటే కాలమ్‌ను మార్చాలి. పని ఎయిర్‌బ్యాగ్ జాగ్రత్తతో మొదలై, హెచ్చరిక దీపం, వీల్ కదలికల పరీక్షతో ముగియాలి.

9.8 మీ ప్రగతిని సమీక్షించుకోండి - సమాధానాలు

1. ప్రమాదంలో జారి కుదించుకోవాల్సిన కాలమ్ కదలకుండా నిలిచి, డ్రైవర్ ఛాతీకి గాయం చేస్తుంది.
2. మధ్యస్థానం తప్పకుండా ఉండటానికి. తప్పితే రిబ్బన్ తెగి ఎయిర్‌బ్యాగ్, హారన్ పనిచేయవు.

9.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నకు 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. సర్దుబాటు స్టీరింగ్ కాలమ్ మార్చే పద్ధతిని, జాగ్రత్తలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. కాలమ్ వదులుకూ, యూనివర్సల్ జాయింట్ వదులుకూ తేడాను ఎలా గుర్తిస్తారు?
2. పాత కాలమ్ కొనేముందు ఏమేమి పరిశీలించాలి?