ఒత్తిడిలో ఉన్న పాత్రను ఖాళీ చేయడం: రెండు వాల్వులు ఎందుకు?

మీలో నిజామాబాద్, బోధన్ ప్రాంతాల వారికి చక్కెర కర్మాగారం కొత్త కాదు. బోధన్‌ను ఆనుకున్న శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో ఏర్పడింది. 2015 చివరలో మూతపడింది. అక్కడ బాయిలర్ల దగ్గర పనిచేసిన పెద్దలు మీకు తెలిసి ఉంటే, అడుగు వాల్వులను ఏ వరసలో తిప్పేవారో అడగండి. ఈ పాఠంలో సగం వాళ్లే చెప్పేస్తారు.

బాయిలర్ అడుగున చేరే మడ్డిని అప్పుడప్పుడు బయటికి వదలాలి. దీనిని బ్లోడౌన్ అంటాం. లోపలి నీరు మన పొయ్యి మీది వేడినీళ్ల వంటిది కాదు. గేజి 10 బార్ చూపుతున్నప్పుడు నీరు సుమారు 184 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఆ నీరు ఒక్కసారిగా బయటి గాలిలోకి వస్తే, కిలోకు దాదాపు 160 గ్రాములు అక్కడికక్కడే ఆవిరవుతుంది. ఆ ఆవిరి ఒక్కటే సుమారు 270 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది.

సగం తెరిచిన వాల్వులో ఈ ప్రవాహం మడ్డితో కలిసి దూసుకుపోతూ లోపలి సీటును అరగదీస్తుంది. ఆ తరువాత ఎంత బిగించినా వాల్వు పూర్తిగా మూసుకోదు. ఉన్నది ఒక్కటే అయితే, దాన్ని మార్చడానికి బాయిలర్‌నే ఆపాలి. అందుకే ఒకదాని వెనుక ఒకటి రెండు అమరుస్తారు. పాత్ర వైపు ఉన్నదాన్ని ముందు పూర్తిగా తెరవాలి. రెండోది ఇంకా మూసే ఉంది కనుక అప్పుడు ప్రవాహమూ లేదు, అరుగుదలా లేదు. తరువాత రెండోదాన్ని మెల్లగా తెరవాలి. మూసేటప్పుడు ముందు రెండోది, చివర పాత్ర వైపుది. అరుగుదలంతా రెండోదే భరిస్తుంది. మొదటిది అవసరానికి గట్టిగా నిలుస్తుంది.

అవతలి పైపును మరమ్మతుకు విప్పాలంటే ఇది చాలదు. రెండింటి మధ్య చిన్న బ్లీడు వాల్వు ఉండాలి. రెండు పెద్ద వాల్వులనూ మూసి, తాళం వేసి, బ్లీడును తెరిచి ఉంచితే, మొదటిది కారినా ఆ కారింది సురక్షితమైన చోటికి పోతుంది. రెండోదాని మీద ఒత్తిడి పెరగదు.

డ్రెయిన్ తెరిస్తే ఏమీ రాకపోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఒక కర్మాగారంలో జ్యూస్ హీటరు డ్రెయిన్‌లోంచి చుక్క రాలేదు. ఖాళీ అయిందనుకుని ఒక కార్మికుడు తీగతో పొడిచాడు. అడ్డుపడ్డ మడ్డి ఊడి, వేడి రసం అతని ముంజేతి మీద పడింది. గేజి సున్నా చూపుతోంది కదా అని అతని వాదన. గేజి పైపు కూడా పూడుకుపోవచ్చు! ముందు డ్రెయిన్ మూసి, పై వెంటు తెరిచి, పాత్రను చల్లబడనివ్వాలి. ఎవాపరేటర్ చివరి పాత్రలో అయితే పరిస్థితి తలకిందులు: అక్కడ శూన్యం ఉంటుంది, డ్రెయిన్ తెరిస్తే ద్రవం బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది.

ఇప్పుడు మీరే చెప్పండి: పాత్ర ఒత్తిడిలో ఉంది, అవతలి పైపు విప్పేశారు, రెండు వాల్వులూ మూసే ఉన్నాయి, బ్లీడు నుంచి చుక్కలు ఆగడం లేదు. కారుతున్నది ఏ వాల్వు?