కంచెకు బలము గుంజ, గుంజకు బలము చేవ



తీగ మెఱసినంత మాత్రమున కంచె గట్టిది కాదు. ఈ సంగతి నేను పుస్తకము చదివి తెలిసికొన్నది కాదు. ఒక రైతునకు నష్టము కలిగించి నేర్చుకొన్నది. కావున ఆ వృత్తాంతమునే మొదట చెప్పెదను.

కొన్ని యేండ్ల క్రిందట ఒక మెట్ట గ్రామమున ఒక చిన్న రైతు తన కూరగాయల తోటకు కంచె వేయదలచి, ఏ కఱ్ఱ కొనవలెనని నన్నడిగెను. "టేకు గుంజలు కొనుడు, టేకునకు చెద పట్టదు" అని నేను చెప్పితిని. అతడు అప్పు చేసి, మణికట్టు లావుగల లేత టేకు గుంజలు తెచ్చి పాతి, ముళ్లతీగ మూడు వరుసలు లాగి కట్టెను. చూచుటకు ముచ్చటగానే యుండెను. మూడవ యేట గాలివాన కొట్టిన యొక రాత్రి కంచె ఒక ప్రక్క బారుగా ఒరిగిపోయెను. తెల్లవారునప్పటికి మంద పడి, కాపుమీదనున్న తోటను మేసినది మేసి, త్రొక్కినది త్రొక్కి పోయెను.

నేను పోయి ఒరిగిన గుంజనొకదానిని పెఱికి చూచితిని. నేలమట్టమున అది చిటికెనవ్రేలంత సన్నమైపోయినది. పైభాగము గట్టిగానున్నది, లోతుననున్న కొనయు చాలవరకు గట్టిగానే యున్నది. అదే గట్టుమీద అతని తండ్రి పాతిన నారయేపి గుంజ యొకటి మాత్రము కదలక నిలిచియున్నది. ఆ రైతు నన్నొక్క మాటయైన అనలేదు. "టేకే గదా అయ్యా, ఎందుకిట్లయినది?" అని మాత్రమడిగెను. ఆ ప్రశ్నకు నేనప్పుడు సరియైన జవాబు చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పుచున్నాను.

గుంజ యెచ్చట చెడును?

కొన్ని సీమలలో గుంజయనియు, కొన్నింట కూసమనియు, రాటయనియు పిలుచు ఈ కఱ్ఱను చెడగొట్టునవి ముఖ్యముగా రెండు: కుళ్లు పుట్టించు బూజు, చెద. బూజు పెరుగుటకు తేమ, గాలి, ఆహారము మూడును కావలెను. గుంజ పైభాగము వానకు తడిసినను ఎండకు ఆఱిపోవును. లోతున తేమయున్నను గాలి తక్కువ. నేలమట్టమునకు పైన బెత్తెడు, క్రింద జానెడు మాత్రమే తేమయు గాలియు ఎడతెగక కూడియుండు చోటు. గుంజకు చావు అచ్చటనే. చెదయు మట్టిగూడు కట్టుకొని సాధారణముగా ఆ ప్రాంతముననే మొదట ప్రవేశించును.

ఇక ఆహారము మాట. మ్రానును అడ్డముగా కోసి చూచినచో బెరడు లోపల తెల్లని పొరయు, దానికి లోపల ముదురు రంగుగల నడిమి భాగమును కనబడును. చెట్టు బ్రతికియున్నంత కాలము తెల్లని పొరలో నీరు ప్రాకును, పిండిపదార్థము నిలువయుండును. పురుగునకును బూజునకును అదియే విందు. చెట్టు ముదిరిన కొలది లోపలి పొరలు ఆ పని మాని, పురుగునకు గిట్టని సారములతో నిండి, రంగు తిరుగును. దీనినే మన పెద్దలు చేవ యనిరి. కఱ్ఱ మన్నిక యంతయు చేవయందే గలదు. తెలుపునకు ఏ జాతి చెట్టునందును మన్నిక లేదు. నేను కొనిపించిన లేత టేకులో చేవ బొటనవ్రేలంత, తెలుపు చుట్టును రెండింతలు. చెద తెలుపును తిని చేవను విడిచినది. ఆ మిగిలిన పుల్ల తీగ లాగుడునకు ఓర్వలేక విఱిగినది. టేకు తప్పు కాదు. చేవ చూడక పేరు చూచిన నా తప్పు.

ఏ కఱ్ఱ మంచిది?

దెహరాదూనులోని అటవీ పరిశోధన సంస్థవారు పలుజాతుల చేవను రెండంగుళముల మందముగల ముక్కలుగా కోసి, చెదగల నేలలో పాతి, ఎంతకాలము నిలుచునో పరీక్షించిరి. సగటున 120 నెలలుగాని, అంతకు మించిగాని నిలిచినవి మొదటి తరగతి. 60 నెలలకు తక్కువగాక 120 నెలలలోపల చెడినవి రెండవ తరగతి. 60 నెలలు కూడ నిలువనివి మూడవ తరగతి. ముదురు టేకు, నారయేపి, కొండతంగేడు, ఉత్తరాంధ్రపు కొండలలోని గుగ్గిలము మొదటి తరగతిలోనివి. ఇది సన్నని ముక్కల లెక్క యని మఱవరాదు. అదే చేవగల లావైన గుంజ ఇంకను ఎక్కువ కాలము నిలుచును.

రాయలసీమలోను తెలంగాణపు మెట్టలలోను పెరుగు నారయేపి మన దేశపు మిక్కిలి బరువైన కఱ్ఱలలో నొకటి. సండ్ర చేవయు చెదకు లొంగదు. నల్లతుమ్మ, వేప మధ్యమములు. ముదురు చెట్టు చేవయైనచో మంచి పనికి వచ్చును. వేపాకు చేదు గనుక లేత వేపగుంజకు కూడ పురుగు పట్టదని తలచుట పొరపాటు. మామిడి, బూరుగు, మునగ, మందు పట్టించని సరుగుడు గుంజలకు పనికిరావు.

1877లో కడప ప్రాంతమున విత్తిన సర్కారు తుమ్మ నేడు బీళ్లనెల్ల ఆక్రమించినది. దానిని మనము వంటచెఱకుగానే చూచుచున్నాము గాని, ముదిరిన మ్రాని చేవ గట్టిది. వంకర లేని మ్రాను దొరకుట కష్టము. అయినను ఏడడుగుల గుంజకు సరిపడు ముక్కలను ఏరుకొనవచ్చును. బీడు బాగగును, గుంజయు దొరకును.

తాటి విషయమున మాత్రము వ్యవహారము తలక్రిందు. దానికి చేవ నడుమ నుండదు, వెలుపలనుండును. ముదురు తాటిని చీల్చి, లోపలి మెత్తని బొండును చెక్కివేసి, నల్లని పీచుగల వెలుపలి పట్టెలనే గుంజలుగా వాడవలెను.

ఒక హెచ్చరిక. శేషాచలము, వెలికొండ, పాలకొండలలో పుట్టు రక్తచందనము మన్నికలో మేటియే గాని, నేడది చట్టరక్షణలోనున్న చెట్టు. దాని జోలికి పోరాదు. అడవి కఱ్ఱను దొంగచాటుగా తెచ్చుట నేరము. సొంత పొలములోని చెట్టును నఱకుటకు ముందు కూడ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి విషయము విచారించుకొనవలెను.

కొనునప్పటి పరీక్ష

గుంజలు కొనునప్పుడు లావు చూచి మోసపోవద్దు. లావుగుంజ బొద్దు చివర తడిపి చూచినచో చేవకును తెలుపునకును గల భేదము స్పష్టముగా కనబడును. తెలుపును తీసివేసినచో మిగులు చేవ కనీసము మూడంగుళముల అడ్డకొలత యుండవలెను. బొద్దున సన్నని రంధ్రములును, పిండివలె రాలు పొడియు నున్నచో పుచ్చుపురుగు చేరినదని గ్రహించి త్రోసివేయుడు. లావైన మ్రానును నిలువున చీల్చిన గుంజలు, గుండ్రని లేత గుంజలకంటె మేలు. వానిలో చేవ పాలు ఎక్కువ.

సిద్ధము చేయు విధము

చెట్టు కొట్టిన వెంటనే బెరడు తీయవలెను. బెరడు క్రింద తేమ నిలుచును, పురుగు గ్రుడ్లు పెట్టును. పిమ్మట గుంజలను నేల తగులకుండ రాళ్లమీద అడ్డదిడ్డముగా పేర్చి, నీడలో గాలి యాడునట్లు కొన్ని నెలలు ఆఱనీయవలెను. తుమ్మ దుంగలను, వెదుళ్లను చెఱువులో నానవేయు ఆచారము మంచిదే. నీరు పిండిపదార్థమును కొంత లాగివేయును. పుచ్చుపురుగునకు మేత తగ్గును. కాని ఇది నేలలోని చెదకు పూర్తి మందు కాదు.

గుంజ మొదలును నిప్పులో కాల్చి పాతు ఆచారము కూడ కలదు. బొగ్గును చెద తినదనుట నిజమే. కాని కాలిన పొర బీటలు వారును. ఆ బీటల గుండ తేమయు పురుగును లోపలి కఱ్ఱను చేరును. కాల్చుట చేవలేని గుంజకు చేవ నీయజాలదు. తారు పూయుదురేని బాగుగా ఆఱిన గుంజకే పూయవలెను. పచ్చిగుంజకు పూసినచో తేమను లోపలనే బంధించి కీడు చేయును.

తెలుపు కఱ్ఱను మన్నికగా చేయు మార్గము వేఱొకటి గలదు. దెహరాదూను సంస్థయందు సొంటి కామేశముగారు 1933లో రాగి, క్రోమియము, పాషాణ లవణములను కలిపిన యొక మందును కనిపెట్టిరి. ఆస్కు అను పేర బయలుదేరిన ఈ మందు ప్రపంచమంతట వ్యాపించినది. మూసిన పాత్రలో ఒత్తిడితో ఎక్కించినచో తెలుపు దీనిని చక్కగా పీల్చును. చేవ అంతగా పీల్చదు. కావున సరుగుడు, జామాయిలు వంటి లేత గుంజలకే దీనివలన లాభము. పాషాణము విషము గనుక అట్టి గుంజ ముక్కలను పొయ్యిలో పెట్టరాదు. పశువుల తొట్లకు, పందిళ్లకు వాడరాదు.

పాతు విధము

గుంజ పొడవు ఆఱున్నర మొదలు ఏడడుగులుండవలెను. అందు రెండడుగులు నేలలో పోవలెను. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు పగులును గనుక అచ్చట ఇంకొక అఱయడుగు లోతు కావలెను. గుంజకును గుంజకును ఎనిమిది మొదలు పదియడుగుల ఎడము చాలును. గుంటలో కంకరగాని, మొరముగాని కొద్దికొద్దిగా పోసి, ప్రతి పొరను గడ్డపాఱ మడమతో కూరవలెను. కంకరలో నీరు నిలువక దిగిపోవును. మొదట మట్టిని చుట్టును కొంచెము ఎత్తుచేసి, వాననీరు గుంజకు దూరముగా జాఱునట్లు చేయవలెను. గుంజ తలను ఏటవాలుగా నఱికినచో నీరు నెత్తిన నిలువదు.

మూలగుంజ కంచెకంతటికి ప్రాణము. తీగ లాగుడంతయు దానిమీదనే పడును. ఉన్న గుంజలలో చేవదేరినదానిని, లావైనదానిని మూలకు పెట్టి, మూడడుగులు పాతి, తీగ లాగు వైపు ఊతకొయ్య చేర్చవలెను.

లెక్క చూడుడు

చతురముగానున్న ఒక ఎకరము చుట్టుకొలత ఇంచుమించు 835 అడుగులు. పదియడుగుల కొకటి చొప్పున 84 గుంజలు కావలెను. వెలలు ఊరికొక తీరుగ నుండును. లెక్క చూపుటకు మాత్రము మూడేండ్లు నిలుచు గుంజ నూఱు రూపాయలనియు, పదునైదేండ్లు నిలుచు గుంజ మూడువందలనియు అనుకొందము. చౌకగుంజలను పదునైదేండ్లలో ఐదుమాఱులు కొనవలెను. వెల 42,000 రూపాయలు. చేవగుంజలకు ఒక్కమాఱే 25,200. ప్రతిమాఱు పెఱుకుటకు, పాతుటకు అగు కూలియు, కంచె పడిన రాత్రి పోవు పంటయు ఈ లెక్కలో చేరలేదు. కావున గుంజ వెల అడుగవద్దు. ఏటికెంత పడునో అడుగుడు.

సంఘముగా పనిచేసినచో లాభము ఇంకను పెద్దది. ఒకే చెక్కగానున్న 16 ఎకరములను పదునాఱుమంది రైతులు ఎవరి ఎకరము చుట్టు వారే కంచె కట్టుకొన్నచో 1,344 గుంజలు కావలెను. అందఱును కలిసి వెలుపలి హద్దుకు మాత్రము ఒకటే కంచె వేసినచో చుట్టుకొలత 3,340 అడుగులు, గుంజలు 334. నాలుగవ వంతు వ్యయముతో పని తీరును. మిగిలిన సొమ్ములో కొంత పెట్టినను మేలైన చేవగుంజలే కొనవచ్చును.

ఇంకొక యుక్తి. చేవగుంజల నడుమ తొలకరికి ముందు గుంపెన కొమ్మలను నాటుడు. అవి వేరు పట్టి చిగిర్చి, పాతగుంజ బలము తగ్గునాటికి బ్రతికిన గుంజలై నిలుచును. మేకలకు ఆకు కూడ దొరకును.

చివర మాట

కంచె నిలువక విసిగి, అడవిపందులకని తీగకు కరెంటు కలిపిన వార్తలు మనము వినుచునే యున్నాము. ఆ తీగకు పందియు మనిషియు ఒకటే. రాత్రి నీరు కట్టబోయిన పొరుగువాడో, కట్టిన రైతు కొడుకో బలియగుచున్నారు. అది కంచె గాదు, ఉరి. చట్టమున నేరము కూడను. పంటను కాపాడుటకు చేవగుంజ చాలును.

ఆ కూరగాయల రైతు మరల కంచె వేసికొనెను. ఈమాఱు పొరుగు రైతులు నలుగురతో కలిసి, ముదురు తుమ్మను చీల్చిన గుంజలతో వేసెను. మూలకు మాత్రము తండ్రినాటి నారయేపి గుంజనే తీసి పాతెను. ఆ గుంజలను కొనుటకు ముందు వానినొక్కొక్కటిగా బొద్దు తడిపి చూచినవాడు అతడే; నేను ప్రక్కన నిలిచి యుంటిని.

సభ్యులారా, ఈ వేసవి దాటకముందే ఒకనాటి ఉదయమున చాకు చేత పట్టుకొని మీ గట్టు చుట్టు నడువుడు. ప్రతి గుంజ మొదటను మట్టి కొంచెము తీసి, చాకుమొన గ్రుచ్చి చూడుడు. మొన దిగినచో ఆ గుంజ ఈ వానకాలము నిలువదు. వాన మిమ్ము పరీక్షించుటకు ముందే మీరు గుంజను పరీక్షించుడు.